సుగుణక్క చేసిన లారీల నెత్తురు పరీక్ష

రేడియేటర్ మూత వదులవగానే గుప్పుమనే తియ్యటి వాసన ఒకటుంది. బెల్లం పాకం అడుగంటే ముందు వస్తుందే, దానికి దగ్గరి చుట్టం. ఇవాళ పొద్దున అల్లాదుర్గ్ నుంచి వచ్చిన ఒక పాత లారీ నా షెడ్డు ముందు ఆగి, బానెట్ సందుల్లోంచి ఆవిరి వదిలింది. ఆ వాసన తగలగానే చేతిలోని పానా పక్కన పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. నేనేదో పెద్ద లోపం పసిగట్టాననుకుని డ్రైవరు కంగారుపడ్డాడు. నాకు గుర్తొచ్చింది లోపం కాదు, మనిషి. నూలుచీర కొంగు నడుముకు దోపుకుని, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు సవరించుకుంటూ, లారీ ముందు చక్రం పక్కన పీట వేసుకుని కూర్చునే సుగుణక్క. ఆమె పోయి కొన్నేళ్లయింది. మెదక్‌లో లారీల మీద బతికేవాళ్లలో ఆమెను తలుచుకుని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు, చేతులు జోడించేవాళ్లూ ఉన్నారు. ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సుగుణక్క మెకానిక్కు కాదు. ఉద్యోగమంతా దవాఖాన ల్యాబులో నెత్తురు, మూత్రం, తెమడ పరీక్షలు చేసి రిటైరైన మనిషి. ఆమె భర్త మాణిక్‌రెడ్డి పటేల్‌ది హవేలిఘనపూర్ దగ్గర వ్యవసాయ కుటుంబం. వయసులో ఉన్నప్పుడు మోజుపడి లారీలు కొన్నాడు. నేను వాళ్ల దగ్గర మెకానిక్కుగా చేరేనాటికి ఆ లారీలూ ముసలివయ్యాయి, ఆయన మోకాళ్లూ అరిగిపోయాయి. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లలో కిరాయిలు మాట్లాడుతుంటే, రామాయంపేట రోడ్డులోని షెడ్డు అజమాయిషీ అంతా ఆమె చేతికి వచ్చింది. వస్తూనే దవాఖాన అలవాట్లన్నీ వెంట తెచ్చింది. చేతులు మోచేతి దాకా కడుక్కోనిదే ఏదీ ముట్టదు. కనిపించిన ప్రతి డబ్బాకూ పేరు రాసి అంటిస్తుంది. మేము చాయ్ కాచుకునే మూల చక్కెర డబ్బాకు కూడా చీటీ ఉండేది. నాకు మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది. హైదరాబాద్‌లో పెద్ద వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాణ్ని, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలనన్న గర్వం నాకు బాగానే ఉండేది.

మొదటి రోజు ఆమె నాకు ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఒక చిన్న ప్లాస్టిక్ సీసా చేతికిచ్చి, పాత ఆయిల్ మార్చేటప్పుడు అందులో కొంచెం పట్టుకురమ్మంది. నేను ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్టు విప్పి, బుడబుడా వచ్చిన ఆయిల్‌ను సీసాలో నింపి తెచ్చాను. సీసాను వెలుతురుకు పెట్టి చూసి, పక్కకు పారబోసింది.

"ఎంకటేశం, నువ్వెప్పుడన్న మూత్రం పరీక్షకు ఇచ్చినవా?" అంది.

ఇచ్చానన్నాను.

"మొదలు వచ్చేది వద్దు, ఆఖరుది వద్దు, నడిమిది పట్టుకరమ్మని చెప్తరు గదా. గిది గూడ గంతే. ఇంజన్ వేడి మీదున్నప్పుడు, మొదటి ధార పోనిచ్చి, నడిమిది పట్టాలె. అడుగున పేరుకున్న మురికి పంపిస్తె మురికి రిపోర్టే వస్తది."

షెడ్డులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆయిల్ నమూనా ఇంకోలా పట్టలేదు.

ఆమె చేయించే పని చెప్పుకోవడానికి తేలికే. ప్రతి లారీకీ ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక సీసా పాత ఆయిల్ హైదరాబాద్‌లోని ల్యాబుకు బస్సు పార్సిల్లో పంపాలి. అక్కడివాళ్లు అందులో ఇనుము ఎంత, రాగి ఎంత, సోడియం ఎంత, పొటాషియం ఎంత అని చూసి ఫోనుకు పంపుతారు. ఇంజన్‌లో నీళ్ల దారి వేరు, ఆయిల్ దారి వేరు. రెంటికీ నడుమ ఉండేది ఇనుము గోడ, కొన్ని రబ్బరు రింగులు, ఒక గ్యాస్కెట్. లారీ పాతబడే కొద్దీ రబ్బరు గట్టిపడి, ఎక్కడో ఒక సన్న సందు పుడుతుంది. నీళ్లు ఆయిల్‌లోకి జారతాయి. ఎక్కువ జారితే ఆయిల్ పాలు పోసిన చాయ్‌లా మారుతుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. కొద్దికొద్దిగా జారితే మాత్రం నీళ్లు ఇంజన్ వేడికి ఆవిరైపోతాయి, ఆయిల్ ఎప్పటిలాగే నల్లగా ఉంటుంది. లోపల బేరింగులు మాత్రం తినుకుపోతుంటాయి. ఒక రోజు రోడ్డు మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు యజమాని మొట్టమొదట చూసేది డ్రైవరు మొహం వైపు.

ఈ ప్రాంతంలో పాత లారీలకు కూలెంట్ పోసేవాళ్లు అప్పట్లో అరుదు. దారిలో ఎక్కడ ఆగితే అక్కడి నీళ్లే రేడియేటర్‌కు. సుగుణక్క మాత్రం ప్రతి లారీలోనూ ఆకుపచ్చ కూలెంటే ఉండాలని పట్టుబట్టింది. ముసలి బండ్లకు ఈ సోకులెందుకని పటేల్ వేళాకోళం చేశాడు. మొగుడి షుగర్ పరీక్ష ఎప్పుడో గుర్తుండదు గానీ లారీల నెత్తురు పరీక్ష మాత్రం తప్పిపోనీదు తన పెళ్లాం అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆమె కారణం వేరు. కూలెంట్ ఇంజన్‌ను చల్లగా ఉంచుతుంది, తుప్పు పట్టనివ్వదు, అదంతా సరే. వట్టి నీళ్లు ఆయిల్‌లో పడితే ఆవిరై జాడ లేకుండా పోతాయి. కూలెంట్ పడితే నీళ్లు పోయినా అందులోని సోడియం, పొటాషియం ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అవి పరీక్షలో దొరుకుతాయి. లీకు తన ఆనవాలు తానే వదిలిపోయేట్టు చేయడానికే ఆమె ఆ ఆకుపచ్చ నీళ్లు పోయించేది. ఈ సంగతి అర్థమైన రోజున నా గర్వంలో కొంత గాలి దానంతటదే దిగిపోయింది.

ఆమె ఎప్పుడూ తప్పు చేయలేదని రాస్తే అబద్ధమవుతుంది, ఆమెకే కోపం వస్తుంది. ఒకసారి ఒక లారీ ఆయిల్‌లో సోడియం బాగా కనిపించిందని ఇంజన్ విప్పించింది. నేను మూలమూలా వెతికాను. ఎక్కడా చెమ్మ లేదు. తర్వాత తేలింది ఏమిటంటే, మేము కొత్తగా తెప్పించిన ఆయిల్ డ్రమ్ములోనే సోడియం ఉంది. ఆ కంపెనీ ఆయిల్ తయారీలోనే అది కలుపుతారట. మంచి ఇంజన్‌ను అనవసరంగా విప్పాం, లారీ ఖాళీగా పడుంది. సుగుణక్క అందరినీ పిలిచి, డ్రమ్ములోని కొత్త ఆయిల్‌ను ముందే పరీక్షకు పంపకపోవడం తన తప్పేనని, ఎంకటేశాన్ని గానీ డ్రైవర్ని గానీ ఎవరూ ఏమీ అనొద్దని చెప్పింది. ఆ తర్వాత ఏ డ్రమ్ము మూత తీసినా మొదటి సీసా ల్యాబుకే పోయేది. పటేల్ మాత్రం ఒక షరతు పెట్టాడు. ఇకమీదట ఒక్క రిపోర్టు చూసి ఇంజన్ విప్పేది లేదు, వరసగా పెరుగుతూ వస్తేనే విప్పాలి. ఆమె ఒప్పుకుంది. నిజానికి అది మంచి షరతే.

యాదగిరి కథ ఇక్కడే మొదలవుతుంది. యాదగిరిది నిజాంపేట. మా దగ్గరికి రాకముందు ఇంకెవరి దగ్గరో లారీ నడిపేవాడు. ఆ లారీ ఇంజన్ దారిలో పట్టేసింది. నీళ్లు చూసుకోకుండా తోలి ఇంజన్ కాల్చేశాడని ఆ యజమాని వెళ్లగొట్టాడు. చిన్న ఊళ్లలో అలాంటి మాట మనిషికంటే ముందు నడుస్తుంది. ఏ షెడ్డుకు పోయినా, ఆ ఇంజన్ కాల్చినోడివి నువ్వే కదా అన్నవాళ్లే. స్టీరింగ్ తప్ప ఇంకో పని తెలియని మనిషి, రైస్‌మిల్లులో బస్తాలు మోశాడు. సుగుణక్క అతన్ని పనిలోకి తీసుకున్నప్పుడు నేనే వద్దన్నాను. నిన్ను కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనే ఉంటారు, అవన్నీ విని నిన్ను పెట్టుకున్నానా అని అడిగింది.

యాదగిరి లారీని చాలా జాగ్రత్తగా చూసుకునేవాడు. పొద్దున్నే అద్దాలు తుడవడం, టైర్లు తట్టి చూడడం, ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ లారీ ఆయిల్ రిపోర్టులో ఒకసారి సోడియం, పొటాషియం కొద్దిగా పైకి కనిపించాయి. కొత్త ఆయిల్‌తో పోల్చి చూశాం, ఆయిల్‌ది కాదు. తర్వాతి రిపోర్టులో ఇంకాస్త పెరిగాయి. షరతు ప్రకారం మరోసారి చూద్దామన్నాడు పటేల్. యాదగిరికి విషయం చెప్పి, నీళ్లు తగ్గుతున్నాయా అని అడిగాను. లేదన్నా, బాగానే ఉంది అన్నాడు. కింద ఎక్కడా చుక్క పడడం లేదు కాబట్టి నేనూ నమ్మాను.

మూడో రిపోర్టు వచ్చేసరికి యాసంగి కోతలు మొదలయ్యాయి. రోడ్ల మీద, కొనుగోలు కేంద్రాల్లో ఎక్కడ చూసినా వడ్ల కుప్పలే. ఆకాశం రోజూ సాయంత్రం నల్లబడి భయపెడుతోంది. లారీ కోసం రైతులు ఫోన్ల మీద ఫోన్లు. అలాంటప్పుడు వచ్చిన ఆ రిపోర్టు కడిగిన అద్దంలా ఉంది. సోడియం లేదు, పొటాషియం లేదు. పటేల్ ఊపిరి పీల్చుకున్నాడు. ముందు రెండూ ఏదో ల్యాబు పొరపాటు అయ్యుంటాయని, యాదగిరి బండిని వెంటనే హవేలిఘనపూర్ కేంద్రానికి పంపమని నాకు ఫోన్లో చెప్పాడు. నాకూ సంతోషంగానే ఉంది. ఒక్క సుగుణక్క మొహమే వెలగలేదు. ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. తింటూ మధ్యలో వదిలేసిన రొట్టె వైపు మళ్లీ చూడను కూడా లేదు.

"పడ్డ చిల్లి దానంతట అది మూసుకుంటదా, ఎంకటేశం?" అని అడిగింది.

మూసుకోదన్నాను.

"మరి రెండుసార్లు కనవడ్డది మూడోసారి యాడికి పోయింది?"

ఆమె లేచి నేరుగా లారీ దగ్గరికి నడిచింది. ఇంజన్ అప్పటికి చల్లగానే ఉంది. నన్ను రేడియేటర్ మూత తీయమంది. తీసి చూశాను. ఆకుపచ్చ లేదు, ఆ తీపి వాసనా లేదు. కాస్త తుప్పు రంగు తిరిగిన మామూలు నీళ్లు కనిపించాయి. అంటే కూలెంట్ ఎప్పుడో ఆయిల్‌లోకి జారిపోయింది, దాని చోట ఎవరో రోజూ వట్టి నీళ్లు పోస్తూ వచ్చారు. బోరు నీళ్లయినా కాస్తో కూస్తో ఉప్పు మిగిలి పరీక్షలో దొరికేది. ఇవి అదీ మిగల్చని నీళ్లు. చిల్లి అలాగే ఉంది, దాని జాడ మాత్రమే చెరిగిపోయింది. నాకు నెత్తికెక్కిన కోపం ఇంతా అంతా కాదు. అడిగినప్పుడు లేదని చెప్పాడు కదా. గట్టిగా తిట్టబోతూ యాదగిరి వైపు తిరిగాను. అతను లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు రెండు చేతులా నలుపుతున్నాడు.

సుగుణక్క చేయి చాపి నన్ను ఆపింది. పీట తెప్పించి అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు. ల్యాబుకు వచ్చిన రోగిని అడిగినట్టు, ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావు, రోజుకు ఎంత పడుతోంది, ఏ నీళ్లు అని మెల్లగా అడిగింది. ఘనపురం కాలువ నీళ్లని, రోజూ షెడ్డుకు రాకముందే దారిలో నింపుకొస్తున్నానని చెప్పాడు. ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. అతనే చెప్పాడు.

"అప్పటి బండికి గూడ గిట్లనే నీళ్లు తగ్గినయి అక్కా. నేనే పోయి చెప్పిన. ఇంజన్ పట్టేసినంక, నువ్వే ఖరాబ్ చేసినవ్, అందుకే ముందుగాల కథ అల్లినవ్ అన్నరు. గీసారి చెప్పబుద్ధి కాలే."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. సుగుణక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది.

"నా పరీక్షల సోడియం దొరుకుతది, పొటాషియం దొరుకుతది. మనిషి భయం దొరకది యాదగిరీ. గది నువ్వే చెప్పాలె. చెప్పే జాగ నేను ఉంచలే, గది నా తప్పు."

పటేల్‌కు ఫోన్ చేసి, ఈ లారీ కదలదు, కేంద్రానికి ఇంకో లారీ కిరాయికి మాట్లాడండి అని చెప్పింది. వర్షం మీదికొస్తుంటే మంచి రిపోర్టు వచ్చిన బండిని ఆపుతావా అని ఆయన అవతల నుంచి కేకలేశాడు. షెడ్డులో ఉన్న మాకందరికీ వినిపించింది. మంచి రిపోర్టు కాబట్టే ఆపుతున్నానని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేసింది. ముప్పుతిప్పలు పడి ఆయన కిరాయి లారీ దొరకబుచ్చుకున్నాడు.

ఇంజన్ నేనే విప్పాను. ఆమె పక్కన పీట వేసుకుని కదలకుండా కూర్చుంది. యాదగిరిని కూడా ఎటూ పోనివ్వలేదు. ఈసారి వెతకాల్సిన పనే లేకపోయింది. పిస్టన్లు ఆడే గొట్టాలుంటాయే, ఆ లైనర్ల అడుగున నీళ్లను ఆపే రబ్బరు రింగు ఒకటి ఎండిన చింతతొక్కలా గట్టిపడి, ఒకచోట తెగి ఉంది. నీళ్లు అక్కడి నుంచే చాంబర్‌లోకి జారుతున్నాయి. కింద బేరింగుల మీద పూత లేచిపోయి గీతలు పడ్డాయి. ఆ స్థితిలో వడ్ల లోడుతో పంపి ఉంటే ఆ సీజన్ పూర్తయ్యేది కాదు. ఇంజన్ పట్టేసేది, యాదగిరి మరోసారి ఇంజన్ కాల్చినవాడయ్యేవాడు. ఈసారి అతన్ని బస్తాలు మోయడానికైనా ఎవరూ పిలిచేవాళ్లు కాదేమో.

సుగుణక్క ఆ తెగిన రింగును కిరసనాయిలులో కడిగి, తుడిచి, యాదగిరి అరచేతిలో పెట్టింది. ఇది వయసుకు తెగింది, నువ్వు తోలినందుకు తెగలేదు అని చెప్పింది. అతను దాన్ని వంచి చూశాడు, అది వంగలేదు. తలెత్తి, అయితే అప్పటి బండిది కూడా ఇదే అయి ఉంటుందా అని అడిగాడు. ఆ క్షణంలో నేనైతే అవునని చెప్పేసేవాణ్ని. అంత ఆశగా అడిగాడు. ఎవరైనా చెప్పేవాళ్లే. సుగుణక్క చెప్పలేదు.

"గది నాకు తెల్వదు. ఆ ఇంజన్ నేను చూడలే, ఆ ఆయిల్ నా దగ్గర లేదు. తెల్వంది తెలుసని చెప్తె, నిన్ను ఎల్లగొట్టినోళ్లకు నాకు ఫరకేముంటది? ఈ బండిది మాత్రం నీ తప్పు కాదు. గది ఖాయం."

యాదగిరి అప్పుడు కూర్చున్నాడు. రింగును గుప్పిట్లో పెట్టుకుని, "ఒక్క బండిదన్న తేలింది. చాలు అక్కా" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అంతవరకూ మనిషిని ఏడిపించేది దుఃఖమే అనుకునేవాణ్ని. నమ్మకం కూడా ఏడిపిస్తుందని ఆ రోజు చూశాను. పనిముట్లు సర్దుతున్నట్టు అటు తిరిగి నా కళ్లు కూడా తుడుచుకున్నాను.

ఆ తర్వాత షెడ్డులో నమూనాలు పట్టే పని యాదగిరికి అప్పజెప్పింది సుగుణక్క. నడిమి ధార పట్టడం గురించి కొత్త డ్రైవర్లకు అతను చెబుతుంటే, ఆమె చెప్పినప్పటికంటే ఎక్కువ నవ్వులు వినిపించేవి. మాట తక్కువ మనిషికి ఆ చతురత ఎక్కడి నుంచి వచ్చిందో అని పటేల్ ఆశ్చర్యపోయేవాడు. నీళ్లు తగ్గుతున్నాయని వచ్చి చెప్పిన డ్రైవరును మా షెడ్డులో మళ్లీ ఎవరూ వంకరగా చూడలేదు. తర్వాత సుగుణక్కకే జబ్బు చేసింది. తన రిపోర్టులు తానే చదువుకుంది. హైదరాబాద్ డాక్టరు కప్పిపుచ్చి మాట్లాడబోతే, తెలిసింది తెలిసినట్టు చెప్పుండ్రి అందట. ఆమె పోయాక పటేల్ లారీలను అమ్మేశాడు. వాటిలో తాను నడిపినదాన్నే యాదగిరి కొనుక్కున్నాడు. నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను.

నేను ఎవరినీ ఊరికే పొగిడే మనిషిని కాను. ఆమె నాకు ఆయిల్ పరీక్ష నేర్పిందని అందరూ అంటారు. అది ఎవరి దగ్గరైనా నేర్చుకునేవాణ్నే. తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి వెన్నులో ఎంత బలం కావాలో ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఈ మధ్య ఒక యజమాని ఇంజన్ పట్టేసిన లారీని ఇంకో బండికి కట్టి నా షెడ్డుకు లాగించుకొచ్చాడు. డ్రైవరును నా ముందు నిలబెట్టి, వీడే నీళ్లు లేకుండా తోలాడని నన్ను అనమన్నాడు. నేను అంటే పంచాయితీ తేలిపోతుందట. నేను చాంబర్ నుంచి ఒక సీసా ఆయిల్ పట్టి, మూత బిగించి, రిపోర్టు వచ్చేదాకా ఇతన్ని ఎవరూ ఏమీ అనొద్దని చెప్పాను. నాకు పని రాదనుకున్నాడో ఏమో, విసురుగా వెళ్లిపోయాడు. డ్రైవరు మాత్రం కదల్లేదు. నాది తప్పు కాదా అన్నా అని అడిగాడు.

"నాకింకా తెల్వదు తమ్మీ. తెలిసేదాక నీది కాదు" అన్నాను.

అతను పీట లాక్కుని కూర్చున్నాడు. నేను ఇద్దరికీ చాయ్ తెప్పించాను.